గీరకుండా వేసిన ముద్ర

మెత్తబావ చేసిన అన్యాయం గురించి కొక్కేల మేస్త్రి మొదలుపెట్టాడంటే, మ్యూజియం వెనక గదిలో టీ తాగే నలుగురిలో ముగ్గురు లేచిపోయేవాళ్ళు. నాలుగోవాడికి చెముడు. పదకొండేళ్ళుగా అదే కథ, అదే వరస. ఎక్కడ గొంతు పూడుకుపోతుందో, ఎక్కడ బల్ల గుద్దుతాడో కూడా అందరికీ కంఠతా వచ్చు. "మళ్ళీ సుత్తి ఎత్తాడ్రా" అనుకుంటూ గ్లాసులు కడుక్కునే వంకతో బయటపడేవాళ్ళు.

మెత్తబావ అంటే మేస్త్రి అక్క భర్త. ఆ మనిషి గొంతు పెంచగా విన్నవాళ్ళు లేరు. ఎదుటివాడి భుజం మీద చెయ్యి వేయందే మాట్లాడడు. ఆ చెయ్యి తీశాక భుజం మిగిలిందో లేదో తడిమి చూసుకోవాలి. "వీడు మెత్తగా దిగే కత్తిరా" అని మేస్త్రి తండ్రి బతికున్నన్నాళ్ళూ అంటూనే ఉండేవాడు. అంటూనే కూతుర్నిచ్చాడు. అంటూనే కొట్టులో తన పక్కన పీట వేసి కూర్చోబెట్టుకున్నాడు. పెద్దవాళ్ళ తెలివి అలా ఏడుస్తుంది.

అది బంగారప్పని చేసే కొట్టు. వెడల్పు ఏడడుగుల నాలుగంగుళాలు, పొడవు పదమూడడుగులు, రెండు పెద్ద భవనాల మధ్య ఇరికించినట్టు ఉండేది. మేస్త్రి ఆరో తరగతి మధ్యలో పుస్తకాల సంచి మేకుకు తగిలించి వచ్చి అందులో కూర్చున్నాడు. ఆ సంచి మళ్ళీ దించలేదు. తండ్రికి నేర్పే ఓపిక లేదు. మంట మళ్ళించడం, తీగ లాగడం, టంకం పెట్టడం, అన్నీ బావ దగ్గరే నేర్చుకున్నాడు. తండ్రి పోయాక కొట్టూ, తండ్రి ముద్రా కొడుక్కి వచ్చాయి. ముద్ర అంటే వేలెడు ఉక్కు మేకు, దాని కొన మీద గింజంత పువ్వు. ఆ పువ్వు పడిన వస్తువులో చెప్పినంత బంగారం ఉందని పూచీ. పనిలో పెద్దవాడు బావ, ముద్ర మాత్రం చిన్నవాడి చేతిలో. అది ఆయనకు ఎక్కడ గుచ్చుకుందో, ఎంత లోతుకు దిగిందో ఎవరికీ తెలియలేదు. మెత్తటి మనుషులకు గుచ్చుకున్నది పైకి కనపడదు.

ముద్ర వేసే ముందు చేయవలసిన పని ఒకటుంది. వస్తువును ఒక మూల ఆకురాయితో గీరాలి. పై పొర పోయాక లోపలి లోహాన్ని గీటురాయి మీద రాసి, ఆ గీత మీద యాసిడ్ చుక్క వేసి చూడాలి. పై పొర సాక్ష్యం చెల్లదు. ఎందుకంటే రాగి ఎక్కువ కలిపిన బంగారాన్ని కూడా కాల్చి, పుల్లటి నీళ్ళలో కాచి, మళ్ళీ కాల్చి, మళ్ళీ కాచి పైన పచ్చగా తేల్చవచ్చు. పైన పటారం, లోన లొటారం. గీరకుండా రాస్తే గీటురాయి కూడా అబద్ధమే చెబుతుంది.

అయితే గీరడానికి వీల్లేని వస్తువు కూడా ఒకటుంది. పని నేర్పినవాడి చేతి వస్తువు. దాన్ని గీరడమంటే గురువుగారి నోరు తెరిపించి పళ్ళు లెక్కపెట్టడమే. ఆ వీధిలో ఆ పని ఎవరూ చేయలేదు. మేస్త్రీ చేయలేదు.

ఒక పెద్ద ఆసుపత్రిలో ముప్పైరెండు మంది నర్సులు కలిసి ఒకే రకం గాజు తలా ఒకటి చేయించుకున్నారు. ఇరవయ్యేళ్ళ కొలువుకు గుర్తుగా. బావ మూడు నెలలు ఇంటి దగ్గరే కూర్చుని చేశాడు. "కొట్టులో వెలుతురు చాలదు తమ్ముడూ" అన్నాడు. ఆ మూడు నెలల్లో మేస్త్రి అక్క ఇంటికి ఎప్పుడు వెళ్ళినా వంటగదిలో పుల్లటి వాసన ముక్కు పగలగొట్టేది. "గిన్నెలు తోముతున్నాన్రా, అడుగంటి చస్తున్నాయి" అనేది అక్క. వేళ్ళ కొనలు పసుపురంగు తిరిగి, చీలి ఉండేవి. వాటిని చూసి వీడి ప్రాణం ఉసూరుమనేది. మందుల షాపులో అడిగి రెండు పూత మందు గొట్టాలు తెచ్చిచ్చాడు. "మా తమ్ముడు బంగారం" అని అక్క మురిసిపోయింది.

ముప్పైరెండు గాజులూ గుడ్డ పరిచి బల్ల మీద పెట్టాడు బావ. మేస్త్రి ఆకురాయి చేతిలోకి తీసుకున్నాడు. బావ వాకిలి వైపు చూస్తూ కూర్చున్నాడు, అంతే. మేస్త్రి ఆకురాయి పక్కన పెట్టేశాడు. ఒక్కొక్క గాజునూ గీటురాయి మీద పైపైన తాకించి, ముప్పైరెండు పువ్వులు కొట్టాడు.

తర్వాత ఎనిమిది నెలలకు ఒక నర్సమ్మ మెట్ల మీద జారి పడింది. మణికట్టు గుమ్మడికాయలా వాచింది. గాజు రాకపోతే ఆమె పనిచేసే వార్డులోనే కత్తిరించి తీశారు. కత్తిరించిన చోట గాజు కడుపు ఎర్రగా, పచ్చి పుండులా కనపడింది. ఆమె కట్టు కట్టిన చెయ్యితో కొట్టుకొచ్చి, రెండు ముక్కలూ బల్ల మీద పెట్టి, నోరెత్తకుండా నిలబడింది. తిట్టినా బాగుండేదని మేస్త్రి ఇప్పటికీ అనుకుంటాడు.

బావ వచ్చి చూశాడు. మేస్త్రి భుజం మీద చెయ్యి వేశాడు. "ముద్ర ఎవరిదైతే పూచీ వాళ్ళది కద తమ్ముడూ. నేను వట్టి పనివాణ్ణి" అన్నాడు. ఆ సాయంత్రమే పీట ఖాళీ చేశాడు. అక్క ఇంటికి పరిగెత్తితే తలుపు తెరుచుకోలేదు. తలుపు వెనక నుంచి ఒకే మాట వినపడింది: "నాన్న ముద్రకు మసి పూశావు. నీ మొహం చూపించకు."

మేస్త్రి కొట్టు అమ్మి ముప్పైరెండు మందికీ అసలు బంగారం కట్టిచ్చాడు. పనివాళ్ళ సంఘం ఆ పువ్వు ముద్రను సుత్తితో చితక్కొట్టి చేతికిచ్చింది. కొట్టు పోయిందని కాదు, ముద్ర పోయిందని కూడా కాదు, తలుపు వెనక నుంచి అక్క అన్న ఆ మాట వీడి గొంతులో చేప ముల్లులా దిగబడింది. ఎప్పటికైనా అక్క ఆ మాట వెనక్కి తీసుకోవాలి. బతుక్కి అదొక్కటే కోరిక అయి కూర్చుంది.

ఆ తర్వాత మ్యూజియంలో పని దొరికింది. అద్దాల పెట్టెల్లో పాత వస్తువులు పడిపోకుండా నిలబెట్టే ఇత్తడి కొక్కేలు వంచే పని. కొక్కెం కనపడకూడదు, వస్తువు మాత్రమే కనపడాలి. కనపడకుండా బతకడం అప్పటికే అలవాటైనవాడికి కష్టమనిపించలేదు.

పదకొండో ఏడు దక్షిణ అమెరికా నుంచి వేల ఏళ్ళనాటి బంగారం ఊరూరా తిరుగుతూ ఈ మ్యూజియానికీ వచ్చింది. మూడు నెలల ప్రదర్శన. ముందుగా బోర్డులు వచ్చాయి. ప్రతి బస్టాపు దగ్గరా బంగారు ముఖం ఒకటి, దాని గడ్డం కింద అంతే లావు అక్షరాల్లో ఈ ప్రదర్శనకు ఖర్చు పెట్టుకుంటున్న నగల షోరూము పేరు. ఆ షోరూము మెత్తబావది.

మేస్త్రికి బస్సెక్కాలంటే వెగటు పుట్టింది. రెండు స్టాపులు నడిచి పోయి, బోర్డు లేని చోట ఎక్కేవాడు.

తర్వాత పెట్టెలు వచ్చాయి, వాటితో పాటు ఒకావిడ వచ్చింది. వస్తువు పెట్టెలోంచి తీసేటప్పుడు, పెట్టేటప్పుడు ఆమె పక్కన ఉండి తీరాలట. ప్రతి సొట్టా, ప్రతి గీతా పుస్తకంలో రాసుకునేది. గదిలో అందరూ ఆమెకు పెట్టెలమ్మ అని పేరు పెట్టారు. ఆమె భాష మన పెద్దమేడానికి వచ్చు. మ్యూజియంలో ఏ వస్తువు ఎక్కడుండాలో చెప్పేది ఆ పెద్దమేడమే.

పెట్టెలమ్మ తెల్ల గ్లౌజులతో నురుగు పరుపులోంచి ఒక్కొక్కటీ తీస్తుంటే హాలంతా ఊపిరి బిగబట్టింది. చెవులకు పెట్టుకునే చక్రాలు, గుండెకు కట్టుకునే పలక, బొటనవేలంత కప్ప. ఇవన్నీ ఎక్కడివని మేస్త్రి అడిగితే, సమాధుల్లోవని పెద్దమేడం చెప్పింది. చచ్చినవాళ్ళ ఒంటి మీద నుంచి వలిచినవి. కొన్ని చదువుకున్నవాళ్ళు తవ్వారు, కొన్ని దొంగలు తవ్వారు. ఇద్దరి పారలూ ఒకేలా దిగుతాయి కదా అని మేస్త్రి మనసులో అనుకున్నాడు.

అయిదో పెట్టెలోంచి అర్ధచంద్రాకారపు రేకు వచ్చింది. ముక్కుకు తగిలిస్తే పై పెదవి మీదుగా నోటిని కప్పేస్తుంది. దానికి కొక్కెం కొలత తీసుకోవడానికి మేస్త్రి వంగి చూశాడు. కింది అంచున, సరిగ్గా పెదవి తగిలే చోట, పచ్చదనం అరిగి అడుగున ఎర్రగా తేలింది. ఎన్నేళ్ళు మాట్లాడిందో, తిన్నదో, నవ్విందో ఆ నోరు. మేస్త్రి ఇంకొంచెం వంగాడు. ఆ ఎరుపు వీడికి తెలుసు. కట్టు కట్టిన చెయ్యి ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టిన ఎరుపు.

"మేడం, దీని కడుపు నిండా రాగే" అన్నాడు.

పెద్దమేడం ఆ మాట అటు చెప్పింది. పెట్టెలమ్మ రాస్తున్న కలం ఆగింది.

"సగం రాగేనట. మెషీన్లలో పెట్టి చూశారట. నీకెలా తెలిసిందని అడుగుతోంది."

"కాలినవాడికి నిప్పు సంగతి మెషీన్ చెప్పాలా మేడం?"

పెద్దమేడం నవ్వింది. పెట్టెలమ్మ నవ్వలేదు. ఈ పని ఎలా చేస్తారో చెప్పమని మేస్త్రినే అడిగింది. మేస్త్రి చెప్పాడు. చెబుతుంటే చేతులు వాటంతటవే గాలిలో రేకు పట్టుకున్నాయి, మంట మళ్ళించాయి, తిప్పాయి, ముంచాయి. పదకొండేళ్ళ తర్వాత ఒకరు వీడి మాట మధ్యలో లేవకుండా విన్నారు. పెద్దమేడం కాగితం మీద రాసుకుంది. పుస్తకం భాష కంటే ఇదే నయమని, ఆ మాటల్నే పెద్ద అక్షరాల్లో అచ్చువేయించి గోడకు పెట్టింది:

"రాగి కలిపిన బంగారాన్ని కొట్టి రేకు చేస్తారు. ఎర్రగా కాలుస్తారు. పైనున్న రాగి నల్లబడుతుంది. పుల్లటి ఆకుల రసంలో కాచి ఆ నలుపు తీసేస్తారు. మళ్ళీ కాలుస్తారు, మళ్ళీ కాస్తారు. రాగి పోయిన చోట బంగారం మిగులుతుంది. నున్నటి రాయితో రుద్దితే నిండు బంగారమై కూర్చుంటుంది."

మేస్త్రికి ఒక సందేహం మిగిలింది. "మరి తగిలించుకునేవాడికి చెప్పేవాళ్ళా మేడం, లోపల రాగి ఉందని?"

పెద్దమేడం అడిగి చెప్పింది. "అందులో దాచేదేం లేదట మేస్త్రీ. వాళ్ళకు కావలసింది తూకం కాదు, ఆ మెరుపు. రాగి కూడా వాళ్ళకు ఇష్టమేనట. అందరికీ తెలిసిన పనేనని చదువుకున్న పెద్దలు అనుకుంటున్నారట."

మేస్త్రి ఆ రోజు కొక్కెం వంచుతూ అదే నమిలాడు. అయితే కాల్చడంలో తప్పు లేదు, కాచడంలో లేదు. రాగిలో కూడా లేదు. తప్పు ఉంటే పువ్వులో ఉంది. ఆ పువ్వు కొట్టింది ఎవరు? అక్కడికి వచ్చేసరికి ఇత్తడి తీగ చేతిలో విరిగింది.

ప్రారంభానికి రెండు రోజుల ముందు మెత్తబావ ఏర్పాట్లు చూసుకోవడానికి వచ్చాడు. జుట్టు నెరిసింది, పొట్ట వచ్చింది, చెయ్యి మాత్రం అదే. గోడ మీద రాసింది పైనుంచి కిందకి చదివాడు. మళ్ళీ చదివాడు. వెనక నిచ్చెన మీద ఉన్న మేస్త్రి కిందికి దిగకముందే కాలి మడమ మీద ఆ చెయ్యి పడింది. భుజం అందలేదు మరి.

"ఏం తమ్ముడూ, బాగున్నావా? చక్కగా రాశారు. ఎవరిదో గానీ, పని తెలిసిన చెయ్యి."

"చెయ్యి ఎక్కడికీ పోలేదు బావా. కొట్టే పోయింది."

"పాతవి తవ్వుకుంటే ఏమొస్తుందిరా?"

"ఒకసారి చుట్టూ చూడు బావా. ఈ హాలు నిండా తవ్వుకొచ్చినవే. నువ్వేగా ఖర్చు పెడుతున్నావు."

మెత్తబావ మెత్తగా నవ్వాడు. "నోరు మాత్రం మీ నాన్నదే."

"అక్క వస్తోందా?"

"రాకుండా ఎలా ఉంటుంది? దీపాలు వేసేది తనే."

ఆ మాట విన్నాక మేస్త్రికి రెండు రోజులు అన్నం సయించలేదు. అక్క చేతికి ముప్పైమూడో గాజు ఉంటుంది. ఆ ముప్పైరెండింటితో పాటే బావ ఆమెకూ ఒకటి చేశాడు, అదే అచ్చు, అదే చెక్కడం. అది తీయించి, ఆమె కళ్ళ ముందు గీరాలి. లోపలి ఎరుపు ఆమె చూడాలి. కట్టుకున్నవాడు తనకు కూడా రాగే తొడిగాడని తెలిస్తే, తమ్ముడు మసి పూయలేదని తెలుస్తుంది. ఆకురాయి, గీటురాయి, యాసిడ్ బుడ్డి పాత డబ్బాలోంచి తీసి మ్యూజియంలో తన బల్ల సొరుగులో పెట్టుకున్నాడు. భార్య చూసి, "మళ్ళీ ఏం తలకెత్తుకుంటున్నావయ్యా" అంది. "దించుకోవడానికే" అన్నాడు.

ప్రారంభం రోజు హాలు కొత్త తివాచీ జిగురు వాసన, సెంటు వాసన కలిసి డోకు తెప్పించేలా ఉంది. గుమ్మం దగ్గర అట్టతో చేసిన బంగారు రాజు నిలబడ్డాడు, ముఖం ఉండాల్సిన చోట కన్నం. జనం వరసలో నిలబడి ఆ కన్నంలో ముఖాలు దూర్చి ఫోటోలు దిగుతున్నారు. చచ్చినవాడి నగల్లో తలకాయ పెట్టి పళ్ళికిలించడం. మూల దుకాణంలో ఆ బొటనవేలంత కప్ప ప్లాస్టిక్ తాళంచెవుల గొలుసై వేలాడుతోంది. పళ్ళేల్లో బంగారు కాగితం చుట్టిన చాక్లెట్లు తిప్పుతున్నారు. తిన్నవాళ్ళు కాగితాలు ఉండచుట్టి నేల మీద వేస్తున్నారు, తొక్కుతున్నారు. అర్ధచంద్రం ముందు ఒకాయన అద్దానికి ముక్కు ఆనించి, "ఇది కరిగిస్తే ఎంతొస్తుంది?" అంటున్నాడు. ఆయన ఊపిరికి అద్దం మసకబారింది, జిడ్డు ముక్కు గుర్తు మిగిలింది. మేస్త్రి జేబులోంచి గుడ్డ తీసి తుడిచాడు. ఇంకొకడు వచ్చి ఆనించాడు. మళ్ళీ తుడిచాడు.

అక్క మీట నొక్కింది. పెట్టెల్లో దీపాలు వెలిగాయి. చప్పట్లు. మెత్తబావ మైకు ముందుకొచ్చాడు. మైకుకి కూడా భుజం ఉన్నట్టు దాని మీద చెయ్యి వేశాడు.

"ఆ గోడ మీద రాసింది చదివారా? రాగి కలిపిన బంగారాన్ని ఎర్రగా కాలుస్తారు, నలుపు కాచి తీసేస్తారు, మళ్ళీ కాలుస్తారు, మళ్ళీ కాస్తారు... నాకిది పుస్తకాల్లో చదివిన విద్య కాదండీ. చిన్న కొట్టులో పనివాడిగా ఉన్న రోజుల్లో నేనూ ఈ పద్ధతి మీద ప్రయోగాలు చేశాను. ఎవరూ ప్రోత్సహించలేదు. కళ అంటే అప్పట్లో ఎవరికి తెలుసు?"

హాలంతా చప్పట్లతో దద్దరిల్లింది. పెద్దమేడం కూడా కొట్టింది, పాపం ఆమెకేం తెలుసు. వీడి నోటి మాటలు, వీడు చేతులూపుతూ చెప్పిన మాటలు, ఆ నోట్లోంచి బయటికి వస్తుంటే ఎవరో నమిలి ఊసిన ముద్ద తిరిగి తన నోట్లో పెట్టినట్టనిపించింది మేస్త్రికి. ప్రయోగాలట! ముప్పైరెండు మంది నర్సుల మీద ప్రయోగాలు!

జనం చాక్లెట్ల వైపు మళ్ళాక మేస్త్రి అక్క దగ్గరకు వెళ్ళాడు. పదకొండేళ్ళు. ఒళ్ళు చేసింది, కళ్ళ కింద ఉబ్బు వచ్చింది.

"అక్కా."

అక్క ఎటూ చూడకుండా, "నువ్విక్కడే చేస్తున్నావని ఆయన చెప్పారు" అంది. మళ్ళీ తనే, "ఎక్కడ కూర్చుంటావు?" అంది.

ఆ ఒక్క ప్రశ్నకు మేస్త్రికి కళ్ళు చెమర్చాయి. వెనక గదికి తీసుకెళ్ళాడు. బల్ల, ఇత్తడి తీగలు, కిటికీ పక్కన స్టూలు. స్టూలు తుడిచి కూర్చోబెట్టాడు. గాజు చేతికే ఉంది.

"అక్కా, అది ఒక్కసారి ఇస్తావా?"

ఎందుకని అడుగుతుందనుకున్నాడు. కాదంటే ఏం చెప్పాలో రెండు రోజులుగా వల్లె వేసుకున్నాడు. అక్క మాత్రం గాజు తీసి బల్ల మీద పెట్టింది. వేళ్ళు నున్నగా ఉన్నాయి, ఒక్క చీలిక లేదు.

మేస్త్రి ఆకురాయి తీశాడు. "నువ్వే చూడు. నీ కళ్ళతో నువ్వే చూడు" అంటూ లోపలి అంచున గీరాడు. పచ్చగానే ఉంది. ఇంకొంచెం గీరాడు. పచ్చనే. గోరు పట్టేంత గాడి చేశాడు. కడుపు దాకా పచ్చనే. గీటురాయి మీద రాసి యాసిడ్ చుక్క వేశాడు. గీత చెక్కు చెదరలేదు. మేలిమి.

మేస్త్రి ఇంకోచోట గీరబోయాడు.

"అది ఎర్రబడదురా" అంది అక్క. "నాది మంచిదే."

"నీకెలా తెలుసు?"

"తెలియకేం? ఆ ముప్పైరెండూ కాచింది నేనే కదా. వాటిలో మిగిల్చిన బంగారంతోనే ఇది చేశారు."

కిటికీ అవతల ఎవరో చాక్లెట్ కాగితం నలుపుతున్న చప్పుడు. మేస్త్రికి ఆ వంటగది పుల్లటి వాసన ఒక్కసారిగా ముక్కులోకి ఎక్కింది. పూత మందు గొట్టాలు గుర్తొచ్చాయి. ఒకటి కాదు, రెండు.

"ఆ మందు రాసుకున్నావా అక్కా?" అన్నాడు. ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో వీడికే తెలియలేదు.

"రాసుకున్నా. బాగా పనిచేసింది." అక్క చీర కొంగు సర్దుకుంది. "అలా చూడకు. నువ్వు గీరతావనే అనుకున్నాం. మీ బావకు రాత్రంతా నిద్ర లేదు. గీరితే 'నిన్ను పరీక్షించాంరా తమ్ముడూ' అని నవ్వేసి తెచ్చేసుకుందామనుకున్నాం. నువ్వు గీరలేదు. ఆయన వచ్చి 'వాడు గీరలేదే' అన్నప్పుడు నేనే నమ్మలేదు. నాన్న అయితే సొంత తండ్రి చేసింది కూడా గీరేవాడు. ముద్ర పట్టుకున్నవాడికి మొహమాటమేమిట్రా? నువ్వు ఆ ఒక్క గీటు గీసి ఉంటే ఇదంతా ఉండేదా? నాన్న ముద్రకు మసి పూసింది నువ్వు కాక ఇంకెవరు?"

తమాషాకి అనలేదు. నిజంగానే అంది. పదకొండేళ్ళ కిందట తలుపు వెనక నుంచి కూడా నిజంగానే అందని ఇప్పుడు తెలిసింది. ఇంతకంటే ఏడ్చినా బాగుండేది, కాళ్ళు పట్టుకున్నా బాగుండేది. కూతురు తండ్రి పరువు గురించి మాట్లాడినట్టు, ఎంతో న్యాయంగా మాట్లాడుతోంది.

గుమ్మంలో మెత్తబావ నిలబడి ఉన్నాడు. బల్ల మీద ఆకురాయి చూశాడు, గాజు చూశాడు.

"ఇప్పుడు గీరావా తమ్ముడూ" అన్నాడు. వెక్కిరింత కూడా కాదు, జాలి. వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "అయిందేదో అయింది. ఈ ఇత్తడి గోల నీకెందుకు చెప్పు? షోరూములో పరీక్ష బల్ల ఖాళీగా ఉంది. నీలాంటి చెయ్యి కావాలి. అక్క కూడా అదే అంటోంది."

"అవున్రా" అంది అక్క. "మన కొట్టున్న చోటేగా. నువ్వమ్మిన కొట్టూ, పక్కవి రెండూ కొని గోడలు కొట్టేసి కలిపేశాం. రోజూ నాన్న కొట్టుకు వచ్చినట్టే ఉంటుంది నీకు."

మేస్త్రి భుజం మీది చెయ్యి తీసి పక్కన పెట్టాడు, వస్తువును పెట్టెలో పెట్టినంత జాగ్రత్తగా. "కొట్టున్న చోట ఇప్పుడేముంది?" అన్నాడు. "సరిగ్గా నా పీట ఉన్న చోట?"

అక్క, బావ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"వచ్చేవాళ్ళకు కావాలి కదరా" అంది అక్క. "బాత్‌రూం కట్టించాం. చాలా శుభ్రంగా ఉంటుంది. పాలరాయి వేయించాం."

మేస్త్రి గాజు మీది యాసిడ్ తడి గుడ్డతో తుడిచాడు. గీరిన గాడిని బొటనవేలితో తడిమి, గాజు అక్క చేతిలో పెట్టాడు. ఆకురాయి సొరుగులో వేసి సొరుగు మూశాడు. "అద్దాలు తుడవాలి" అని బయటికి నడిచాడు. అర్ధచంద్రం ముందు మళ్ళీ ఎవడో ముక్కు ఆనించి ఉన్నాడు. వాడు తప్పుకునేదాకా ఆగి, జిడ్డు తుడిచి, సింకు దగ్గరకు పోయి చేతులు మూడుసార్లు సబ్బుతో కడుక్కున్నాడు. పుల్లటి వాసన పోలేదు. అసలు చేతులకు వాసనే లేదు, అది వీడికీ తెలుసు.

మర్నాడు వెనక గదిలో టీ పోస్తున్నారు. మేస్త్రి వచ్చి కూర్చుని గొంతు సవరించుకోగానే ముగ్గురూ అలవాటు ప్రకారం గ్లాసులు పట్టుకుని లేచారు. మేస్త్రి కథ మొదలుపెట్టలేదు. మెత్తబావ అనలేదు, అక్క అనలేదు, నర్సమ్మ అనలేదు. గోడ వైపు చూస్తూ ఒక కొలత చెప్పాడు, అంతే. లేచినవాళ్ళు గుమ్మం దగ్గర ఆగిపోయారు.

చెముడాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ముందుకు వంగాడు. "ఏమిటీ? ఎంతా?"

మేస్త్రి ఆయన చెవి దగ్గరకు వంగి, ఒక్కొక్క మాటా విడదీసి మళ్ళీ చెప్పాడు.

"వెడల్పు ఏడడుగుల నాలుగంగుళాలు. పొడవు పదమూడడుగులు."